క్యాన్సర్ డాక్టర్ మనసూ అలసిపోతుంది: రోగుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

క్యాన్సర్ ఆస్పత్రి నుంచి బయటికొచ్చే కుటుంబాల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "మూడు గంటలు లైన్లో కూర్చున్నాం. లోపల మూడు నిమిషాలు కూడా మాట్లాడలేదు. మొహం చూడలేదు, రిపోర్టు చూసి మందు రాసేశారు." ఈ బాధ అబద్ధం కాదు. అబ్బాకో, ఖాలాకో క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచి ఆ ఇంటికి డాక్టర్ మాటే పెద్ద ఆధారం. ఆ మాట పొడిగా వస్తే మనసు చివుక్కుమంటుంది.

అయితే ఆ పొడి మాట వెనుక ప్రతిసారీ గర్వమో నిర్లక్ష్యమో ఉండదు. చాలాసార్లు ఉండేది అలసట. నిద్రపోతే తీరే ఒంటి అలసట కాదు, మనసు అలసట. క్యాన్సర్ డాక్టర్లలో కనిపించే ఈ సమస్య మీద వైద్య పరిశోధకులు ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తున్నారు. ఇది డాక్టర్ సొంత గొడవ అని వదిలేయడానికి లేదు. ఎందుకంటే ఆ అలసట చివరికి రోగి చికిత్స మీదే పడుతుంది. దాన్ని తగ్గించడంలో పెద్ద బాధ్యత ఆస్పత్రులది, ప్రభుత్వాలది. కొంత మాత్రం కుటుంబాల చేతుల్లో కూడా ఉంది.

ఈ పనిలో అంత బరువు ఏముంది?

చెయ్యి విరిగి వచ్చిన మనిషికి డాక్టర్ కట్టు కడతాడు. కొన్ని వారాల్లో ఎముక అతుక్కుంటుంది, ఆ మనిషి మళ్లీ కనిపించడు. క్యాన్సర్ డాక్టర్‌కీ రోగికీ మధ్య బంధం అలాంటిది కాదు. కీమో చాలామందికి మూడు వారాలకోసారి చొప్పున నెలల తరబడి సాగుతుంది. రేడియేషన్, అంటే జనం 'కరెంటు పెట్టించడం' అని చెప్పుకునే చికిత్స, వారానికి ఐదు రోజుల లెక్కన కొన్ని వారాలు నడుస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చెకప్‌లు. ఈలోగా రోగి పిల్లల పేర్లు, కూతురి నిఖా తేదీ, కొడుకు దుబాయ్ నుంచి ఎప్పుడొస్తాడన్నది కూడా డాక్టర్‌కి తెలిసిపోతుంది. ఇంత దగ్గరైన మనుషుల్లో కొందరు కోలుకుంటారు. కొందరు కోలుకోరు.

ఒకే ఉదయం ఓపీలో ఒక రోగికి "మీ స్కాన్ క్లీన్‌గా ఉంది" అని చెప్పాలి. ఆ వెంటనే లోపలికొచ్చే రోగికి "ఈ మందు పనిచేయడం లేదు" అని చెప్పాలి. రెండింటికీ మధ్య ఉండేది తలుపు తెరుచుకునేంత సమయం. మొదటివారి సంతోషంలో పాలుపంచుకున్న మొహాన్ని రెండోవారి కోసం మార్చుకోవాలి. ఒక క్యాన్సర్ డాక్టర్ తన ఉద్యోగ జీవితంలో ఇలాంటి చేదు కబుర్లు కొన్ని వేల సార్లు చెప్పాల్సి వస్తుంది.

మన దేశంలో ఈ బరువు ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'గ్లోబోకాన్' అంచనా ప్రకారం 2022లో భారత్‌లో కొత్తగా క్యాన్సర్ వచ్చినవాళ్లు 14 లక్షలకు పైనే. అదే ఏడాది క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 9 లక్షలకు పైనే. ఇక్కడ ఎక్కువగా కనిపించే రొమ్ము, నోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు మూడూ తొందరగా గుర్తిస్తే బాగా నయమయ్యేవే. అయినా చాలామంది వ్యాధి ముదిరాకే వస్తారు. ఆరు నెలల ముందు వస్తే బతికించగలిగిన మనిషిని ఇప్పుడు చూడాల్సి రావడం డాక్టర్‌కి మాటల్లో చెప్పలేని బాధ.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఈ ప్రాంతంలో పేదలకు పెద్ద దిక్కు. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్ తొలి గవర్నర్ అయిన ఆయన పేరు మీద ఈ దవాఖానా 1955 నుంచి నడుస్తోంది. తెలంగాణ జిల్లాల నుంచే కాదు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా ఇక్కడికి రోగులు వస్తారు. ఇలాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఒక్కో డాక్టర్ ముందు నిలబడే లైను ఎంత పొడుగ్గా ఉంటుందో వెళ్లి వచ్చినవాళ్లకి తెలుసు. కుటుంబానికి దొరికిన ఆ మూడు నిమిషాల వెనుక ముందు ఈ లెక్క ఉంది.

మూడు పేర్లు, మూడు రకాల అలసట

డాక్టర్ల మానసిక అలసట గురించి మాట్లాడేటప్పుడు మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ ఒకటే అనుకుంటారు కానీ తేడా ఉంది.

మొదటిది బర్నౌట్. 1974లో న్యూయార్క్ మానసిక నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ మాటను వైద్య రాతల్లోకి తెచ్చారు. ఉచిత క్లినిక్‌లో సేవ చేసేవాళ్లు ఒక్కొక్కరుగా చల్లబడిపోవడం ఆయన చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పని వల్ల వచ్చే స్థితిగా తన వ్యాధుల పట్టికలో నిర్వచించింది. ఇది విడిగా ఒక జబ్బు కాదని కూడా చెప్పింది. దీనికి మూడు గుర్తులు. ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయినట్టు ఉండడం. పని మీద, మనుషుల మీద మనసు దూరమైపోవడం. "నేను చేసేదానివల్ల ఏం ఉపయోగం?" అనిపించడం.

రెండోది కంపాషన్ ఫెటీగ్. తెలుగులో చెప్పాలంటే జాలిపడీ పడీ మనసు మొద్దుబారడం. 1992లో అమెరికా నర్సుల గురించి రాస్తూ కార్లా జాయిన్సన్ ఈ మాట వాడారు. తర్వాత చార్లెస్ ఫిగ్లీ అనే నిపుణుడు 1995లో దీని మీద పుస్తకమే తెచ్చారు. బర్నౌట్ పని భారం నుంచి, ఆఫీసు తీరు నుంచి వస్తుంది. కంపాషన్ ఫెటీగ్ మాత్రం ఎదుటివాళ్ల నొప్పిని రోజూ దగ్గరగా చూడడం వల్ల వస్తుంది. అందుకే పనిగంటలు తక్కువున్న డాక్టర్‌కీ ఇది రావచ్చు. రాత్రి కలలో రోగులు కనిపించడం, ఇంట్లో పిల్లలకి చిన్న జ్వరమొచ్చినా భయపడిపోవడం, కొందరు రోగుల గదికి వెళ్లాలంటే కాళ్లు రాకపోవడం దీని లక్షణాలు.

మూడోది మోరల్ డిస్ట్రెస్, అంటే మనస్సాక్షి నలిగిపోవడం. ఏం చేస్తే మంచిదో తెలిసి కూడా పరిస్థితుల వల్ల చేయలేకపోవడం. ఈ మాటను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ నర్సుల అనుభవాన్ని చెప్పడానికి వాడారు. మన దగ్గరి డాక్టర్లకి ఈ మూడోది బాగా తెలిసిన బాధ. దాని సంగతి కాస్త ఆగి చూద్దాం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

1991లోనే అమెరికాలో క్యాన్సర్ డాక్టర్ల మీద ఒక సర్వే వచ్చింది. జవాబిచ్చినవాళ్లలో 56 శాతం మంది బర్నౌట్ అనుభవించామని చెప్పారు. 2014లో అక్కడే జరిగిన మరో పెద్ద సర్వేలో దాదాపు 45 శాతం మందిలో బర్నౌట్ కనిపించింది. రోగుల్ని చూడడానికి వారంలో ఎన్ని గంటలు ఎక్కువ గడిపితే అంత ముప్పు పెరుగుతోందని అందులో తేలింది.

2017లో యూరప్ నుంచి వచ్చిన సర్వే ఇంకా కలవరపెట్టింది. 40 ఏళ్ల లోపు క్యాన్సర్ డాక్టర్లలో 71 శాతం మందిలో బర్నౌట్ గుర్తులు కనిపించాయి. అంటే ఎన్నో ఏళ్లు పనిచేసి అలసిపోయినవాళ్లే కాదు, ఇప్పుడిప్పుడే ఈ రంగంలోకి వచ్చిన కుర్రవాళ్లూ నలిగిపోతున్నారు.

ఏడవడానికి చోటు లేదు

అంకెల కన్నా ఎక్కువ చెప్పే అధ్యయనం 2012లో కెనడా నుంచి వచ్చింది. లీయాట్ గ్రానెక్ అనే పరిశోధకురాలి బృందం మూడు ఆస్పత్రుల్లో 20 మంది క్యాన్సర్ డాక్టర్లతో కూర్చుని మాట్లాడింది. రోగి చనిపోతే మీకేమవుతుంది అని అడిగింది.

వాళ్ల జవాబుల్లో దుఃఖం ఉంది. దాంతోపాటు ఓడిపోయామన్న భావన, తన మీద తనకే అనుమానం, చేతగానితనం, తప్పు చేశానేమో అన్న గిల్టు ఉన్నాయి. కొందరికి నిద్ర పట్టడం లేదు. అయినా ఎవరూ ఎవరికీ చెప్పుకోవడం లేదు. డాక్టర్ ఏడిస్తే బలహీనుడు అనుకుంటారని, వృత్తికి తగదని వాళ్ల భయం. అందుకే బాధను ఒక అరలో పెట్టి తాళం వేసి పనిలో పడిపోతారు. సాయంత్రం ఇంటికెళ్లాక ఆ అర తెరుచుకుంటుంది. భార్యాపిల్లలతో మాట్లాడలేని స్థితి వస్తుంది.

రోగుల కుటుంబాలకి అసలు ముఖ్యమైనది ఆ తర్వాతి సంగతి. తీరని దుఃఖం తమ వైద్య నిర్ణయాల మీద కూడా పడొచ్చని ఆ డాక్టర్లలో సగం మంది ఒప్పుకున్నారు. ఒక రోగిని పోగొట్టుకున్న బాధలో తర్వాతి రోగికి ఇంకో కీమో, ఇంకో ఆపరేషన్ అంటూ గట్టి చికిత్స వైపు వెళ్లడం జరుగుతోంది. నిజానికి ఆ రోగికి నొప్పి తగ్గించి ప్రశాంతంగా చూసుకోవడమే మంచిది కావచ్చు. ఇంకొందరు ఆఖరి దశలో ఉన్న రోగికి తెలియకుండానే దూరం జరుగుతారు. రౌండ్స్‌లో ఆ మంచం దగ్గర తక్కువ సేపు నిలబడతారు. కుటుంబం చూసేది ఆ దూరాన్ని. "ఇక మమ్మల్ని వదిలేశారు" అనుకుంటుంది.

"అమ్మీకి మాత్రం చెప్పొద్దు డాక్టర్ సాబ్"

పాశ్చాత్య దేశాల సర్వేల్లో అంతగా కనిపించని బరువు మన దగ్గర ఒకటుంది. రిపోర్టు రాగానే కొడుకు ముందుగా లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేస్తాడు. "అమ్మీకి మాత్రం చెప్పొద్దు డాక్టర్ సాబ్. తట్టుకోలేదు. గడ్డ అని చెప్పండి, ఇన్‌ఫెక్షన్ అని చెప్పండి." అది ప్రేమతోనే అడుగుతాడు. ఇందులో ఎవరినీ తప్పుపట్టేది లేదు.

కానీ ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలి. అమ్మీ కీమో వార్డులో కూర్చుంటుంది. చుట్టూ జుట్టు ఊడిపోయిన మనుషులు. బోర్డు మీద క్యాన్సర్ అని రాసే ఉంటుంది. ఆమెకి చాలావరకు అర్థమైపోతుంది. పిల్లలు బాధపడతారని ఆమె కూడా తెలియనట్టే ఉంటుంది. ఒకరోజు ఇంట్లోవాళ్లు మందులకి వెళ్లినప్పుడు డాక్టర్‌ని మెల్లగా అడుగుతుంది. "బేటా, నిజం చెప్పు. నాకేమైంది?" ఇప్పుడు డాక్టర్ ఎవరి మాట నిలబెట్టాలి? కొడుక్కి ఇచ్చిన మాటా, ఎదురుగా ఉన్న రోగికి ఇవ్వాల్సిన నిజమా? రోజుకి ఇలాంటి నలుగురైదుగురి దగ్గర మాట దాటేస్తూ ఉండడం డాక్టర్‌ని లోపల్నుంచి తినేస్తుంది.

దీనికి నడిమి దారి ఉంది. 2000లో అమెరికా, కెనడా నిపుణులు చేదు కబురు చెప్పే పద్ధతిని ఆరు మెట్లుగా రాశారు. 'స్పైక్స్' అనే పేరుతో ఇది ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతారు. ముందు ప్రశాంతంగా కూర్చునే చోటు చూడాలి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగాలి. అప్పుడు చిన్న చిన్న మాటల్లో విషయం చెప్పాలి. వచ్చే ఏడుపుకి, కోపానికి చోటివ్వాలి. చివరికి తర్వాత ఏం చేయబోతున్నారో చెప్పాలి. ఇందులో మూడో మెట్టు మన కుటుంబాలకి చాలా పనికొస్తుంది. "అమ్మీ, రిపోర్టు సంగతులన్నీ నీకే చెప్పమంటావా, పెద్దబాబుతో మాట్లాడమంటావా?" అని ఆమెనే అడిగితే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది. "వాడితో చెప్పండి" అని ఆమె అంటే, అది ఆమె నిర్ణయం. అప్పుడు డాక్టర్ ఎవరినీ మోసం చేసినట్టు కాదు.

తెలిసీ చేయలేని బాధ

మనస్సాక్షి నలిగే సందర్భాలు ఇంకా ఉన్నాయి. ఒక మందు ఇస్తే రోగి మరికొన్నాళ్లు బాగుంటాడని తెలుసు, కానీ అది లక్షల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వచ్చాక ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ చాలామంది పేదలకి అందుబాటులోకి వచ్చాయి. అయినా దారి ఖర్చులు, కూలి పోగొట్టుకున్న రోజులు, పథకం పరిధిలోకి రాని మందులు మిగిలే ఉంటాయి. మూడో సైకిల్ తర్వాత రోగి రావడం ఆగిపోతాడు. బతికున్నాడో లేదో కూడా డాక్టర్‌కి తెలియదు. ఇలా మధ్యలో మాయమైన మొహాలు చాలామంది డాక్టర్ల మనసులో మిగిలిపోతాయి.

నొప్పి సంగతి కూడా అంతే. ముదిరిన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ చవకైన, బాగా పనిచేసే మందు. కానీ 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంలోని కఠిన నిబంధనల వల్ల వైద్యానికి కూడా మార్ఫిన్ దొరకడం కష్టమైపోయింది. పాలియేటివ్ కేర్ డాక్టర్ల పోరాటం తర్వాత 2014లో చట్టాన్ని సవరించారు. ఈ పోరాటంలో ముందున్న కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌కి 2018లో పద్మశ్రీ వచ్చింది. రోగి నొప్పితో అరుస్తుంటే, మందు ఉండి కూడా ఇవ్వలేక నిలబడ్డ డాక్టర్ల బాధ ఈ సవరణ వెనుక ఉంది.

వీటికి తోడు భయం. రోగి చనిపోగానే ఆస్పత్రి మీద పడి కొట్టడం, అద్దాలు పగలగొట్టడం తెలుగు రాష్ట్రాల్లోనూ జరుగుతూనే ఉంది. దీన్ని ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం చేశారు. దెబ్బలు తింటామన్న భయం ఉన్న డాక్టర్ నిజం సూటిగా చెప్పడు. తనని కాపాడుకునేలా మాట్లాడతాడు.

జాలి నిజంగా అరిగిపోతుందా?

ఇవన్నీ చూస్తే ఒక అనుమానం వస్తుంది. డాక్టర్ మనసు గట్టి చేసుకుని, ఎవరి బాధా పట్టించుకోకుండా ఉంటే అలసట రాదు కదా? పరిశోధన దీనికి వేరే జవాబిచ్చింది.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో తానియా సింగర్ బృందం 2014లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించింది. కొంతమందికి ముందు ఎదుటివాళ్ల బాధను తమ బాధలాగే అనుభవించడం నేర్పారు. వాళ్లకి కష్టాల్లో ఉన్న మనుషుల వీడియోలు చూపిస్తే మనసు కుంగిపోయింది. మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. తర్వాత అదే మనుషులకి ఇంకో శిక్షణ ఇచ్చారు. ఎదుటివాళ్ల మేలు కోరుకోవడం, వాళ్లకి తోడుగా ఉండాలనే భావన పెంచుకోవడం. ఈసారి అవే తరహా వీడియోలు చూసినా కుంగుబాటు తగ్గింది, మనసులో ఆప్యాయత పెరిగింది. మెదడులో స్పందించిన భాగాలు కూడా వేరు.

తేడా ఇక్కడుంది. మునిగిపోతున్న మనిషితోపాటు నీళ్లలో దూకి తానూ మునగడం ఒకటి. ఒడ్డున కాలు ఊని చెయ్యి అందించడం ఇంకొకటి. డాక్టర్‌ని అలసిపోయేలా చేసేది మొదటిది. రెండోది నిలబెడుతుంది. అందుకే రాయిలా మారమని చెప్పడం పరిష్కారం కాదు. కాలు ఊనుకోవడానికి ఒడ్డు ఉండేలా చూడాలి. సమయం, తోటివాళ్ల సాయం, చెప్పుకోవడానికి చోటు, ఇవే ఆ ఒడ్డు.

ఆస్పత్రులు చేయాల్సింది

వైద్యుడు తనని తాను కాపాడుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 9వ శతాబ్దంలో ఇస్‌హాక్ బిన్ అలీ అర్‌రుహావీ అరబ్బీలో రాసిన 'అదబుత్ తబీబ్' వైద్యుల నడవడిక మీద వచ్చిన పాత గ్రంథాల్లో ఒకటి. వైద్యుడు తన ఒంటిని ఎలా చూసుకోవాలో అందులో చెప్పారు. రోగిని చూడడానికి వచ్చేవాళ్లు ఎలా నడుచుకోవాలో కూడా చెప్పారు.

ఇప్పటి ఆస్పత్రుల్లో ఫలితమిచ్చిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. బోస్టన్‌కి చెందిన కెన్నెత్ స్వార్ట్జ్ అనే లాయర్‌కి 1994లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. చికిత్సలో మందులతోపాటు నర్సులు, డాక్టర్లు చూపిన చిన్న చిన్న ఆప్యాయతలే తనని నిలబెట్టాయని ఆయన రాశారు. 1995లో ఆయన చనిపోయారు. ఆయన పేరుతో ఏర్పడిన సంస్థ ఆస్పత్రుల్లో 'స్వార్ట్జ్ రౌండ్స్' మొదలుపెట్టింది. డాక్టర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు ఒకచోట కూర్చుంటారు. ఏ మందు ఇచ్చాం అన్నది కాదు, ఆ కేసు చూసినప్పుడు మనసుకి ఏమైంది అన్నది మాట్లాడతారు. ఇప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో వందల ఆస్పత్రుల్లో ఇది నడుస్తోంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక గది, ఒక గంట చాలు.

రెండోది పాలియేటివ్ కేర్. చాలామంది దీన్ని 'ఇక ఆశ లేదు' అన్నమాటగా భయపడతారు. నిజానికి ఇది నొప్పి, ఆయాసం, వాంతులు, దిగులు తగ్గించే చికిత్స. మొదటి నుంచే మామూలు క్యాన్సర్ వైద్యంతో కలిపి ఇవ్వొచ్చు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిపై పరీక్ష జరిగింది. మొదటి నుంచి పాలియేటివ్ కేర్ అందినవాళ్లు సగటున 11.6 నెలలు బతికారు. అందనివాళ్లు 8.9 నెలలు. వాళ్ల దిగులు కూడా తగ్గింది. డాక్టర్ వైపు నుంచి చూస్తే, ఒక్కడి భుజం మీదున్న బరువుని ఒక టీమ్ పంచుకుంటుంది. ఎంఎన్‌జేలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలో కూడా ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి.

మూడోది పనిగంటలు. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. అది కాగితం మీదే మిగిలిపోయింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ కనీసం 74 గంటలు మించకుండా చూడాలని, వారానికో సెలవు ఇవ్వాలని సూచించింది. కనీసం ఇదైనా అమలు కావాలి.

కుటుంబాలు చేయగలిగింది

డాక్టర్‌ని ఓదార్చడం రోగి కుటుంబం పని కాదు. వాళ్లకున్న పరేషానీ చాలు. అయితే కొన్ని చిన్న ఏర్పాట్లు చేసుకుంటే డాక్టర్‌కి బరువు తగ్గుతుంది, రోగికి దొరికే సమయం పెరుగుతుంది.

ఇంటి నుంచి ఒక్కరు మాట్లాడాలి. మామూ ఒకసారి, చాచా ఒకసారి, సౌదీ నుంచి భాయిజాన్ ఫోన్‌లో ఒకసారి అడిగితే డాక్టర్ అదే మాట నాలుగుసార్లు చెప్పాలి. ఒకరు మాట్లాడి, ఇంకొకరు రాసుకుని, మిగతావాళ్లకి వాట్సాప్‌లో పంపుకుంటే సరిపోతుంది.

ఫైల్ తేదీల వారీగా సర్దుకోవాలి. బయాప్సీ రిపోర్టు, స్కాన్లు, డిశ్చార్జ్ సమ్మరీ, చివరి రక్త పరీక్ష పైకి కనిపించేలా ఉంటే కాగితాలు వెతికే సమయం మాటలకి మిగులుతుంది. అడగాల్సినవి ముందే రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మూడు ప్రశ్నలు ముందు అడగాలి.

హకీం సాబ్ దవా, కషాయం, కలోంజీ నూనె ఏది వాడుతున్నా దాచకుండా చెప్పాలి. కొన్ని మందులు కీమోతో పడవు. రంజాన్‌లో రోజా ఉండాలనుకుంటే ముందే అడగాలి. డాక్టర్ కోప్పడతారని దాచిపెడితే, తర్వాత వచ్చే ఇబ్బంది రోగికే.

"ఎన్నాళ్లు?" అన్న ప్రశ్నకి డాక్టర్ తడబడితే తప్పించుకుంటున్నారని అనుకోనక్కర్లేదు. ఏ డాక్టర్‌కీ కచ్చితంగా తెలియదు. దానికన్నా "రాబోయే రెండు మూడు నెలలు ఎలా ఉండొచ్చు? ఇంట్లో మేం ఏం సిద్ధం చేసుకోవాలి?" అని అడిగితే పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం అవమానం కాదు. సూటిగా చెప్పి రిపోర్టులు అడగొచ్చు. చికిత్స మానేయాలనుకుంటే కూడా చెప్పి మానేయాలి. డబ్బు సమస్య అయితే ఆరోగ్యమిత్ర, సోషల్ వర్కర్ దారి చూపించవచ్చు. చికిత్స ఆగినా నొప్పి మందులు ఆగనక్కర్లేదు.

ఇంతా చెప్పాక ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. డాక్టర్ అలసట అమర్యాదకి లైసెన్స్ కాదు. రోగిని కసురుకుంటే, ప్రశ్నకి జవాబివ్వకపోతే మెత్తగా అయినా అడగాలి. "డాక్టర్ సాబ్, మాకు అర్థం కాలేదు. ఐదు నిమిషాలు ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగే హక్కు రోగికి ఉంది. అప్పటికీ ఫలితం లేకపోతే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా చెప్పొచ్చు. గొంతు పెంచితే, చెయ్యి ఎత్తితే మాత్రం న్యాయమైన ఫిర్యాదు కూడా పోతుంది.

ఇంట్లోనే డాక్టర్ ఉంటే

ఇప్పుడు చాలా కుటుంబాల్లో అమ్మాయిలు, అబ్బాయిలు ఎంబీబీఎస్, పీజీ చదువుతున్నారు. ఇంటికి వాళ్లు గర్వకారణం. అందుకే వాళ్లకి కష్టమొస్తే చెప్పుకోవడం ఇంకా కష్టం. "ఇంత ఖర్చుపెట్టి చదివించాం, ఇప్పుడు ఏడిస్తే ఎలా?" అన్న మాట వినాల్సి వస్తుందని భయం.

ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి ఉన్నాయి. సెలవు రోజు కూడా మంచం దిగకపోవడం, తిండి మీద ఇష్టం పోవడం, దగ్గరివాళ్ల పెళ్లికి కూడా రానని మొండికేయడం, చిన్నదానికే చిరాకు, రోగుల గురించి వెటకారంగా మాట్లాడడం, "నేను లేకపోతే ఎవరికి నష్టం" అనడం. చివరి మాట వినిపిస్తే ఆలస్యం చేయకూడదు. మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 నంబర్‌కి రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టర్లు కూడా దీనికి ఫోన్ చేయొచ్చు. సబర్ చేయమని చెప్పడం మంచిదే, కానీ సాయం అందించాక చెప్పాలి.

డ్యూటీ నుంచి వచ్చిన బిడ్డని "ఈరోజు ఎంతమందిని చూశావ్?" అని కాకుండా "ఈరోజు ఎలా గడిచింది?" అని అడిగినా తేడా ఉంటుంది. జవాబు రాకపోయినా పక్కన కూర్చుంటే చాలు.

రోగి చనిపోయిన కుటుంబాలకి కూడా ఒక చిన్న మాట. డాక్టర్‌కి కబురు చెప్పేవాళ్లు తక్కువ. కొన్ని వారాలు గడిచి మనసు కుదుటపడ్డాక ఒక మెసేజ్ పెట్టొచ్చు. "అబ్బా పోయారు. ఆఖర్లో నొప్పి తక్కువగానే ఉండింది. మీరు చేసినదానికి షుక్రియా." రోగి ఏమయ్యాడో తెలియక మనసులో మోస్తున్న డాక్టర్‌కి ఆ రెండు వాక్యాలతో ఒక మొహం బరువు దిగుతుంది. మరుసటి ఉదయం ఓపీలో ఎదురుగా కూర్చునే రోగికి దాని మేలు అందుతుంది.